మనింటి ల్యాప్‌టాప్

"మనింటికి ల్యాప్‌టాప్ కొంటున్నాం అన్నయ్యా!" అని వాళ్లాయన ఫోన్‌లో చెప్తుంటే, బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. గ్రాఫిక్ డిజైన్‌లో సీటు వచ్చింది ఆమెకి. ముప్ఫై తొమ్మిదేళ్లకి, ప్రవేశ పరీక్ష రాసి మరీ తెచ్చుకున్న సీటు. క్లాసులో మిగతావాళ్లంతా ఆమె కొడుక్కంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. ల్యాప్‌టాప్ కొనేది కూడా ఆమె ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతోనే. మరి మధ్యలో ఈ 'మనిల్లు' ఏ కిటికీలోంచి దూరిందా అనుకుంది. కోపం రాలేదు. తెలుసుకోవాలనిపించింది, అంతే.

లెక్చరర్ రాసిచ్చిన కాగితంలో మూడే ముక్కలున్నాయి. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించే తెర, పదహారు జీబీకి తగ్గని మెమరీ, బొమ్మల పనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు. ఆ కాగితం ఫ్రిజ్ మీద రెండు రోజులుందో లేదో, పిల్లల్ని పెట్టింది. ఆఫీసుకి మోసుకెళ్లడానికి తేలిగ్గా ఉండాలని ఆయన. సీరియల్లో ఏడుపు వంటింట్లోకి కూడా వినపడాలని అత్తగారు. ఆటల్లో తుపాకీ ఆగి ఆగి పేలకూడదని కొడుకు. "బొమ్మలేసుకోవడానికి ఫోన్ చాలదా?" అని, ఇంట్లో లేని బావగారు. ఇక ఆ యంత్రం చేయాల్సిన పనుల్లో నీళ్ల ట్యాంకు కడగడం ఒక్కటే మిగిలిపోయింది. అది కూడా ఎవరికీ గుర్తురాక.

దుకాణంలో మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చి, "స్టూడెంట్ రాలేదా ఆంటీ?" అంది.

"వచ్చింది."

ఆ అమ్మాయి ఆమె వెనక చూసింది, తలుపు వైపు చూసింది. ఇంకాస్త ఆగితే బల్లకింద కూడా చూసేదే.

"నేనేనమ్మా."

"ఓ! సూపర్ ఆంటీ!" అని, అక్కణ్ణుంచి ధర, బరువు, గ్యారంటీ అన్నీ పక్కనున్న ఆయనకే చెప్పడం మొదలుపెట్టింది.

పోనీలే అనుకుని ఆమె లెక్చరర్ కాగితం బల్లమీద పెట్టి, తెరలు చూస్తూ నిలబడింది. మూడింటిలోనూ ఒకటే పువ్వు. ఒకదాంట్లో అది పండు టమాటాలా ఉంది, ఒకదాంట్లో ఎండకి వెలిసిన ఇటుకలా ఉంది, మూడోదాంట్లో మాత్రం అచ్చం పువ్వులాగే ఉంది. వంగి చూసింది, పక్కనుంచి చూసింది, గొంతుక్కూచుని కింద నుంచి కూడా చూసింది. ఏ పక్కనుంచి చూసినా మూడోది మాట మార్చలేదు. పాలు విరగబోయే నిమిషాన్ని రంగు చూసే పసిగట్టే కళ్లవి. తెల్లచొక్కా మీద మరక టీదో తుప్పుదో గుమ్మంలోంచే చెప్పే కళ్లు. పదిహేడేళ్లుగా ఇంత పని చేసినా వాటికి ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మార్కు వేయలేదు.

"ఎరుపు ఎరుపే కదే, ఏంటా చూడ్డం?" అన్నాడు ఆయన.

"మరి మూడు చోట్ల మూడు రకాలుగా ఉందేంటండీ?"

ఆ మాటతో దుకాణం అమ్మాయి మొదటిసారి ఇటు తిరిగింది. "కరెక్ట్‌గా పట్టుకున్నారు! రంగులు సరిగ్గా చూపించేది అదొక్కటే. మెమరీ, కార్డు కూడా మీ కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి మేడమ్." ఆంటీ మేడమ్ అయిపోయింది.

ఆయన దాన్ని ఎత్తి చూసి, "అమ్మో, ఇంత బరువా! నేనెలా మోస్తాను?" అన్నాడు.

"మీరెందుకు మోయడం? కాలేజీకెళ్లేది నేను కదా."

"రోజూ పట్టుకెళ్తావా ఏంటి?" అని నవ్వాడు, ఎవరో సోఫాని కాలేజీకి మోసుకెళ్తానన్నట్టు.

ఆమె అదే తీసుకుంది. లాక్ పెట్టుకోవడానికి ముందు ఒక నంబరు కొట్టమంటే, ఆయన ఈ జన్మలో ఊహించలేని నంబరు కొట్టింది. తన పుట్టినరోజు. తర్వాత అమ్మాయి వేలిముద్ర అడిగింది. కుడి బొటనవేలు పెట్టింది. యంత్రం గుర్తుపట్టలేదు. చూపుడు వేలు పెట్టింది. అదీ అంతే. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది.

"గీతలు అరిగిపోయాయి మేడమ్. రోజూ గిన్నెలు తోమితే ఇలాగే అవుతుంది. మా అమ్మకీ ఇంతే."

ఆమె వేళ్లని వెలుగులో పెట్టి చూసుకుంది. నిజమే, నున్నగా ఉన్నాయి. ఇన్ని గీతలు ఎటు పోయాయి? ఏ గీత ఏ మూకుడుకి అంటుకుపోయింది? అత్తగారి పాలగిన్నె ఒక్కటే రెండు వేళ్లని తినుంటుంది.

"దానికేముంది, జరుగు," అని ఆయన తన వేలు పెట్టేశాడు. యంత్రం తడుముకోకుండా పట్టేసింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది ఆ వేలు, సీలు కూడా తీయలేదు. "చూశావా, ఎంత ఈజీనో! నీకు కావాల్సినప్పుడు పిలువు, నేను తెరిచిపెడతా."

నంబరు ఎటూ ఉంది. అయినా క్లాసు మధ్యలో లేచి ఆయనకి ఫోన్ చేయడం, ఆయన ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చి వేలు ఆనించి వెళ్లడం, ఆమెకి కళ్లకు కట్టినట్టు కనిపించింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు చివర్లో ఎక్కడో కాస్త భయం వేసింది.

"ఆ వేలిముద్ర తీసేయమ్మా," అంది దుకాణం అమ్మాయితో.

"ఉండనీయవే, అవసరానికి..."

"తీసేయమ్మా," అంది మళ్లీ. గొంతు పెంచలేదు.

మిగిలిన ఎనిమిది వేళ్లూ వరసగా పెట్టింది. ఏడు ఓడిపోయాయి. ఆఖర్న ఎడమచేతి చిటికెన వేలుకి తెర వెలిగింది. పదింటిలోకీ తక్కువ అరిగింది అదే కాబోలు.

ఆ సాయంత్రం సింకు తోమని గిన్నెలతో నిండిపోయింది. అత్తగారు వంటింట్లోకి తొంగిచూసి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉందత్తయ్యా. వేలు అరిగిపోతుందని..."

"ఏ వేలు?"

చూపించింది.

"చిటికెన వేలే కదా! మిగతా వాటితో తోము."

ఆమెకి అదీ నిజమేననిపించింది. కుదురుతుందేమో చూద్దామని చిటికెన వేలుని గాల్లోకి లేపి, మిగతా తొమ్మిదింటితో ఒక పళ్లెం తోమింది. రెండో పళ్లెం దగ్గరికొచ్చేసరికి ఆ వేలు అలవాటు కొద్దీ దిగొచ్చి నురగలో మునిగింది. మళ్లీ లేపింది. మళ్లీ దిగింది. పిలవకుండానే వస్తోంది, పిచ్చిది. ఆమె దానికేసి కాసేపు చూసి, కుళాయి కట్టేసి, చేతులు శుభ్రంగా తుడుచుకుని హాల్లోకొచ్చింది.

"ఏమండీ, తొమ్మిదింటితో కుదరట్లేదు. మీకు పదీ కొత్తగా ఉన్నాయి కదా, రండి."