తోక తాళం

మధ్యాహ్నం రెండయితే ఆ ఇంట్లో స్టవ్ మీద ఏమీ ఉండదు. ఆ వేళకి కెప్టెన్ గారు వెనక గదిలో సిమ్యులేటర్ ముందు కూర్చుని పాతకాలపు ప్రయాణికుల విమానం నడుపుతారు. అది తోక కింద చక్రం ఉన్న రకం, నేల మీదున్నంతసేపూ ముక్కు పైకెత్తుకునే ఉంటుంది. దాంతోపాటు ఇల్లూ లేస్తుంది, వీధి గుమ్మం పైకి, వంటిల్లు కిందికి. రన్‌వే మీద పరుగులో తోక లేచాక ఇల్లు చదునవుతుంది. అప్పుడే ఆయన భార్య గిన్నె ఎక్కిస్తుంది. పక్కింటివాళ్ళు తమ స్కూటర్ కాస్త దూరంగా పెట్టుకుంటారు, అంతే.

ఇరవై ఏళ్ళ క్రితం ఆయన నడుపుతున్న అలాంటి విమానమే పరుగు మొదలెట్టగానే గిర్రున తిరిగి గుంటలో దిగబడింది. ప్రాణాలు దక్కాయి గానీ ఆయన ఉద్యోగం పోయింది. పక్కగాలికి విమానం తిరగకుండా ఆపే పెడల్ ఆలస్యంగా తొక్కారని విచారణలో తేల్చారు. పాపం, ఆయనా అదే నమ్మారు. కారు ఇప్పటికీ భార్యే నడుపుతుంది, ఆయన పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. రోజూ అదే గాలి పెట్టుకుని అదే పరుగు తీస్తారు. ఒక్కసారీ తిరగలేదు. అయినా తన కాళ్ళ మీద తనకి నమ్మకం రాలేదు.

ఆనాడు పక్క సీట్లో ఉన్నది ఆవిడ తమ్ముడే. ఇప్పుడు పెద్ద పైలట్, కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పేంతవాడు. ఒక ఆదివారం చుట్టపుచూపుగా వచ్చి, బావ సరదా ఎందుకు కాదనాలని పక్కన కూర్చున్నాడు. తోక చక్రం పక్కకి తిరగకుండా పట్టి ఉంచే తాళం ఒకటుంటుంది. మలుపులకి తీస్తారు, పరుగుకి ముందు వేస్తారు. ఒంటరిగా ఉంటే కెప్టెన్ గారే వేసుకుంటారు. పక్కన మనిషి ఉంటే అది ఆ మనిషి పని.

"తాళం?" అన్నారాయన.

"వేశాను బావా."

ఆ మహానుభావుడి జబ్బే అది. చెయ్యి కదలకముందే నోరు పని పూర్తి చేసేస్తుంది.

పరుగు మొదలైంది, గాలి తగిలింది. ఆయన కాళ్ళు సమయానికే తొక్కాయి. అయినా ఇల్లు గిర్రున తిరిగి, వీధి గుమ్మం పెరటివైపు పెట్టి ఆగింది. అప్పుడు తమ్ముడి చెయ్యి మెల్లగా కిందికి జారి, చప్పుడు కాకుండా మీట నొక్కి తాళం వేసింది. ఆనాడూ జనం పరుగెత్తుకొచ్చేలోగా ఆ చెయ్యి చేసింది ఇదే. తలుపు పట్టుకుని నిలబడ్డ అక్క చూసింది. బావగారూ చూశారు.

ఆయన మోకాళ్ళు తడుముకున్నారు.

"అయితే నా కాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట."

తమ్ముడు నసిగాడు. అప్పుడు చిన్నవాణ్ణన్నాడు, చెబుదామనే అనుకున్నానన్నాడు, తీరా రోజులు గడిచిపోయాయన్నాడు. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. లేచి బయటికి వెళ్ళిపోయారు. కాసేపటికి కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు వీధిలోకి దారి వంటింట్లోంచే. అక్క ఖాళీ గిన్నె తోముతోంది, తల ఎత్తలేదు.

"వస్తానక్కా," అన్నాడు తమ్ముడు.

వాడు ఎప్పుడు బయల్దేరినా ఆవిడ "వెళ్ళిరా" అనేది. ఆ రోజు "వెళ్ళు" అంది.