భూర్జశాఖల కట్లు

పిరనీసు పర్వతశిఖరములందలి హిమరాశి కరగి నిర్ఝరరూపమున లోయలకు దిగు వసంతర్తువు కడపట ప్రభాతభానుకిరణములు దేవదారుతరుపంక్తులపై బంగారు నీరు పోసినట్లు ప్రసరించుచుండగా, కాటలాన్ భాష తరతరములుగా వినవచ్చు కాస్తెల్‌నివాల్ మండలమందలి ఆబాలవృద్ధము నదీతీరమున గుమిగూడెను.

పూర్వమా మండలమునకు నదియే రాజమార్గము. కొండలలో కొట్టిన మ్రాకులను తెప్పలుగా కట్టి భయంకరావర్తసంకులమైన గండి గుండ దిగువ పట్టణములకు చేర్చుట యచ్చటి మగవారి వృత్తి. ఎగువ నానకట్ట వెలసిన పిదప నా వృత్తి యంతరించి యేటికొకనాటి వేడుకగా మిగిలెను. ఆ వేడుకకైనను నీరు విడుచుట యానకట్ట యధికారుల దయయే.

భూర్జవృక్షపు లేగొమ్మలను దినములకొలది నానబెట్టి మెలిపెట్టి దుంగలకు కట్లు వేయు విద్య నెఱిగినవాడు గిల్యెమ్ అను వృద్ధు డొక్కడే. మోకాళ్లు సడలిన యతడు తెప్ప కట్టుట కిదియే కడపటి యేడు. కూతురు నేవుస్ ముందుతెడ్డు పట్టి తెప్పను గండి దాటించెనేని యామెను తమ సంఘమున చేర్చుకొందుమని తెప్పవాండ్రు మాట యిచ్చిరి. ఒక స్త్రీకి వారిచ్చిన మొదటి మాట యది. అందుకై యతడు మూడు నెలలు సంఘపెద్దల గడ్డము పట్టుకొని బతిమాలెను.

పదిగంటలకు రావలసిన నీరు రాలేదు. చిక్కిన నదిలో ఱాళ్లపై బడియున్న తెప్పకు గిల్యెమ్ కడవతో నీళ్లు మోసి మోసి కట్లు తడుపుచుండగా ప్రచండాతపము వానిని మరల నెండించుచుండెను. మధ్యాహ్నము దాటెను. ఆనకట్టకు ఫోను చేసి వచ్చిన నేవుస్, "నాయనా, వేడుక చూడ రావలసిన రాజధాని దొరలు భోజనము చేయుచున్నారట. వారిచ్చటికి వచ్చువఱకు తలుపు లెత్తరట" అనెను.

"వారి యాకలికి వేళ గలదు, నా కట్లకు లేదా!" యని గిల్యెమ్ కడవను నేలకు గొట్టెను.

నాలుగుగంటలకు దొరలు వచ్చిరి. వారి వెంబడి నీరును ఫేనిలోత్తుంగతరంగములతో దరులొరసి వచ్చెను. గిల్యెమ్ ఒక కట్టును వ్రేళ్లతో వంచి చూచెను. అది పుటుక్కున విఱిగెను. రెండవదియు నట్లే.

"నేను నడిపెదను నాయనా. ఈ తెప్పవాండ్రు మరల మాట యిత్తురా?"

"ఈయరు. అయినను నిన్నా గండికి బలియీయజాలను తల్లీ."

కూతురు తెప్ప నెక్కకమునుపే యతడు గొడ్డలి యందుకొని మిగిలిన కట్లను తానే తెగనఱికెను. దుంగలు విడివడి యొకదాని వెంట నొకటి గండిలోనికి కొట్టుకొనిపోయెను. ఇదియే వేడుక కాబోలునని దొరలు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. వారిలో నొకడు గిల్యెమ్ చేతిని తన రెండు చేతులతో పట్టుకొని, వచ్చు సంవత్సరమున నింకను నెక్కువ నీరు విడిచెదమని వాగ్దానము చేసెను.