పదకొండో జెర్సీ

సోమవారం వస్తే చాలు, పదకొండు జెర్సీల మూట నా గుమ్మంలో పడేది. బురద, చెమట, అప్పుడప్పుడూ నెత్తురు. నా భర్త వాటీ ఇంగ్లండులో ఈ లాంకషైర్ ఊరి ఫుట్‌బాల్ జట్టులో జీతానికి ఆడేవాడు, నేను జీతం లేకుండా ఉతికేదాన్ని. స్కాట్లాండ్ నుంచి తీసుకొచ్చి ఉండడానికి ఇల్లిచ్చాం కాబట్టి ఆ మాత్రం చెయ్యాలని క్లబ్బు కార్యదర్శి ఆగ్డెన్ ఉద్దేశం. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మొదటి సోమవారం మూట దింపి వెళ్ళారు, అంతే.

జట్టులోకి రమ్మని వాటీని అడగడానికి ఆగ్డెన్ స్కాట్లాండ్‌లో మా లోయకి టీపొడి అమ్మేవాడి వేషంలో వచ్చాడు. ఆటగాళ్ళని ఎగరేసుకుపోయే ఇంగ్లీషువాడని తెలిస్తే మా వాళ్ళు తీసుకెళ్ళి ఏట్లో ముంచేవారు మరి. నేను పొయ్యి దగ్గర జావ కలుపుతున్నాను. "నీ కాళ్ళు ఇక్కడ వృథా అయిపోతున్నాయి వాటీ" అన్నాడు. అద్దకం మిల్లులో ఆరేళ్ళుగా ఎర్రబడ్డ నా చేతుల సంగతి అక్కడెవరికీ పట్టలేదు. "నీకేం కొరత? మొగుడు సంపాదిస్తాడు, నువ్వు వండిపెట్టు" అంటూ అత్తగారు నా పెట్టె తనే సర్దేసింది.

వాటీ ఆట గురించి మాత్రం అబద్ధం చెప్పను. ఇక్కడివాళ్ళు బంతి దొరికితే తల వంచుకుని ఎద్దుల్లా పరిగెత్తేవారు. వాటీ తలెత్తి చూసేవాడు, ఖాళీగా ఉన్నవాడి కాళ్ళ దగ్గరికి బంతిని పంపేవాడు. ఎనిమిది వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం నా చెవులతో విన్నాను. గర్వంగా ఉండేది. సోమవారం మూట విప్పుతుంటే ఆ గర్వం మీదే ఒళ్ళు మండేది.

పోయిన వసంతంలో ఆగ్డెన్ కొత్త ఎర్ర జెర్సీలు కొన్నాడు. బొటనవేలు తడిచేసి రుద్ది చూశాను. వేలు ఎర్రబడింది. "ఇది నిలిచే రంగు కాదండీ, తడిస్తే దిగిపోతుంది" అన్నాను. ఆయన నాతో మాట్లాడలేదు. వాటీ వైపు తిరిగి, "మీ ఆవిడకి క్లబ్బు వ్యవహారాలు కూడా తెలుసేమిటోయ్" అని నవ్వాడు. వాటీ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలాకాలం మింగుడు పడలేదు.

ఆ వేసవంతా పంతం పట్టి కూర్చున్నాను. వాటీ పాత తెల్ల నూలు జెర్సీ ఒకటి తీసి మా లోయ పద్ధతిలో రంగు వేశాను. ముక్కిపోయిన నూనె, గొర్రె పెంట, పటిక, మంజిష్ఠ వేరు, ఎద్దు నెత్తురు. ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. మా మిల్లులో తొట్ల దగ్గర ఆడవాళ్ళకి పనిచ్చేవారు కాదు. తడి నూలు మోస్తూ, కళ్ళతో చూసి నేర్చుకున్న విద్య అది. "ఇది ఇల్లా, గొడ్లచావిడా గ్రిజీ?" అని వాటీ ముక్కు మూసుకునేవాడు. "నోరు మూసుకుని తొడుక్కో" అన్నాను. తొడుక్కున్నాడు.

నవంబరులో, ఒక శనివారం, కుండపోత వానలో కప్పు పోటీ. సగం ఆట అయ్యేసరికి పదిమంది తెల్ల లాగులూ గులాబీ రంగుకి తిరిగాయి. జనం పడీ పడీ నవ్వారు. వాటీ లాగు మీద బురద తప్ప ఇంకే రంగూ లేదు. నేనూ నవ్వుతున్నాను. అంతలో ఇద్దరు ఒకేసారి అతని మీద పడ్డారు. మోకాలు విరిగిన చప్పుడు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డ నాకు వినిపించింది. ఇరవై మూడేళ్ళకే, రెండున్నరేళ్ళ ఆటతో, అంతా అయిపోయింది.

గురువారం ఆగ్డెన్ వచ్చాడు. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి వాటీ. కొత్త ఆటగాడు వస్తున్నాడు" అన్నాడు. తరవాత, నా వైపు చూడకుండానే, "మీ ఆవిడ ఉతుకుడు మానక్కర్లేదు. రంగు దిగడం ఆవిడ చేతి లోపమే అయినా మేం సర్దుకుంటాం" అన్నాడు. వాటీ గోడకేసి చూస్తూ ఏడుస్తున్నాడు. మా లోయకి వెళదామంటే, డబ్బుకి ఆడినవాడని అక్కడ ముఖం చూడరు. కుంటి కాలితో ఇతన్ని పెట్టుకుని ఎక్కడికి పోను అనుకుంటుంటే తలుపు చప్పుడైంది.

వచ్చినాయన కాలువ పక్క అద్దకం మిల్లు మేస్త్రీ, హేవర్త్. "శనివారం నువ్వు తొడుక్కున్న జెర్సీ ఏ మిల్లుది వాటీ? వానలో దాన్నే చూస్తూ నిలబడ్డాను. నువ్వు పడ్డం కూడా చూళ్ళేదు, ఏమనుకోకు. నాలుగేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాం, ఆ ఎరుపు మాకు రావడంలేదు."

"క్లబ్బుదే. అన్నీ ఒక్కచోటే కొన్నాం" అన్నాడు ఆగ్డెన్.

నేను వాటీ వైపు చూశాను. ఈసారి కూడా నవ్వేసి ఊరుకుంటే, విరిగిన కాలని కూడా చూడకుండా వెళ్ళిపోయేదాన్నేమో.

"కాదు" అన్నాడు వాటీ. "అది మా గ్రిజీ వేసిన రంగు. మిగతావి దిగిపోతాయని తను ముందే చెప్పింది. నేను నవ్వాను."

హేవర్త్ నా వైపు తిరిగాడు. రెండున్నరేళ్ళలో ఈ ఊరి మగవాడొకడు నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు. "ఏం వాడావమ్మా?"

నూనె దాకా చెప్పి ఆగాను. "మిగతాది మీ తొట్టి దగ్గర చెబుతాను. నన్ను పనిలోకి తీసుకున్నాక."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "గడుసుదానివే. సోమవారం పొద్దున ఆరింటికి రా. మా మిల్లు ఇళ్ళలో ఒకటి ఖాళీగా ఉంది" అంటూ పుస్తకం తీశాడు. "మిసెస్ వాటీ మెక్‌నేర్, అంతేగా?"

"కాదు. గ్రిజెల్ బుకానన్. మా వైపు పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి పేరు పోదు, సమాధి రాయి మీద కూడా అదే చెక్కుతారు. అలాగే రాసుకోండి."

"మరి సోమవారం మూటో?" అన్నాడు ఆగ్డెన్.

"మీ ఇంటికి పట్టుకెళ్ళండి" అన్నాను.

సోమవారం సాయంత్రం ఒళ్ళంతా నూనె కంపుతో ఇంటికొచ్చాను. వాటీ కట్టు కట్టిన కాలు బల్ల మీదకి చాపుకుని, బట్టలుతికే తొట్టి ముందుకి లాక్కుని, నా ఏప్రాన్ కోసం చెయ్యి చాచాడు.

"ముందు సబ్బా, నీళ్ళా గ్రిజీ?"

ఎనిమిది వేలమంది ఊపిరి బిగబట్టి చూసిన మనిషికి ఆ సంగతి తెలియదు.

"నీళ్ళు" అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.