రెండడుగుల సందు

వంకర సూది రెక్సిన్‌లోంచి పైకి రాగానే జోగులు దారాన్ని మోచేతి దాకా లాగి బిగించాడు. ఆటో సీటుకు ఒక వైపు కుట్టు పూర్తయింది. రెండో వైపు ఎనిమిదింటిలోగా కావాలి. ఆ తర్వాత స్నానం, ఆ తర్వాత కోర్టు. అరచేతికి కట్టుకున్న తోలుముక్క ఏళ్ల తరబడి సూది తగిలి గుంటలు పడింది. దాని కింద చెయ్యీ అలాగే ఉంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఎడమ భుజం మిషను వైపు కాస్త ఒరిగిపోయి, నడుస్తున్నప్పుడు కూడా ఏదో కుడుతున్నట్టే ఉంటాడు.

షెడ్డుకూ పక్కింటి గోడకూ మధ్య అయిదడుగుల జాగా. గోడ వైపు రెండడుగులు వాళ్లవి, ఇవతలి మూడడుగులు జోగులువి. మధ్యలో ఇనప గుంజలు, వాటికి బోల్టులతో బిగించిన జాలీ. పక్కింటి అప్పయ్యమ్మ పేరు మీద ఆమె కొడుకు సోమేశ్ వేసిన దావాలో మాత్రం అయిదడుగులూ వాళ్లవే, షెడ్డులో ఇంకో అడుగూ వాళ్లదే. ఆ అడుగు పోతే ఆ వరస స్తంభాలు పోతాయి. స్తంభాలతో కప్పు, కప్పుతో పాటు మిషను. నర్సీపట్నంలో ఈ వయసులో మరోచోట షెడ్డు వేసుకునే ఓపిక అతనికి లేదు.

మొదట్లో ఒక వకీలు దగ్గరికి వెళ్లాడు. ఆయన కాగితాలు తిరగేసి, ఓ అడుగు వదులుకుని రాజీ పడమన్నాడు. జోగులు కాగితాలు తీసుకుని వచ్చేశాడు. కోర్టుకు జవాబు తనే రాసుకున్నాడు, మూడు రాత్రులు కూర్చుని. అతని వాదన అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. కంచెకు ఇవతల పక్కింటి మనిషి ఏనాడూ కాలు పెట్టలేదు. ఆ మాట అప్పయ్యమ్మ నోటితోనే చెప్పించాలి. ఆమె అబద్ధం ఆడదు. పోయిన నెల కంచె దగ్గర నిలబడి ఆమే అంది: "జోగీ, మావోడి సంగతి నాకు సెప్పకు. నన్నడిగితే ఉన్నదే సెప్తాను."

ఇవాళ ఆమె బోనెక్కగానే అడగాలి. పదకొండు ప్రశ్నలు రాసుకున్నాడు.

కోర్టు వరండాలో సోమేశ్ వకీలు ఉమామహేశ్వరరావు ఎదురయ్యాడు. "ఏం జోగులు గారూ, నల్లకోటు ఇంకా కుట్టుకోలేదా? మీ దగ్గర రెక్సిన్ బోలెడుంది కదా!" చుట్టూ ఉన్న జూనియర్లు నవ్వారు. జోగులు కూడా నవ్వబోయి మానేశాడు. బెంచీ చివర కూర్చున్న ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

పదకొండున్నరకు కేసు పిలిచారు. జవాను గుమ్మంలో నిలబడి అప్పయ్యమ్మ పేరు మూడుసార్లు అరిచాడు. ఎవరూ రాలేదు.

"ఆవిడకు నలతగా ఉందండి, వాయిదా ఇప్పించండి," అన్నాడు ఉమామహేశ్వరరావు.

జోగులు లేచాడు. "ఇది ఆరోదండి. ఆరోసారి వాయిదా అడగతన్నారు. నిన్న సాయంత్రం ఆవిడ గడపలో కూకుని సిక్కుళ్లు ఒలుస్తన్నారండి. నేను సూశాను."

"మీరు చూసింది నిన్న కదా," అంది జడ్జి, మెల్లగానే. "జబ్బు ఇవాళ చెయ్యొచ్చు."

జోగులు చేతిలోని కాగితం చూసుకున్నాడు. పదకొండు ప్రశ్నల్లో ఏదీ జడ్జిని అడిగేది కాదు. ఇదే ఆఖరి వాయిదా అని జడ్జి రాసుకుంది. బెంచి గుమస్తా అడక్కుండానే తారీఖును చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు. జోగులు కళ్లు చికిలించడం ఆయన ఎప్పుడు గమనించాడో.

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా తనలో తనే తిట్టుకున్నాడు. ఒక సీటు కుట్టడానికి రెండు గంటలు. ఒక్క మాట అడగడానికి పద్నాలుగు నెలలు. నలతట, నలత! పీట వేసుకుని చిక్కుళ్లు ఒలిచే మనిషికి నలత!

వీధి మలుపు తిరగ్గానే, పక్కింటి ముందు గదిలో ఉన్న సోమేశ్ సెల్‌ఫోన్ల షాపు షట్టరు దించి ఉంది. ముందు పది పన్నెండు జతల చెప్పులు. సోమేశ్ భార్య బేబి కంచె దగ్గరికి వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది.

"అత్త ఎల్లిపోనాది మావయ్యా. పొద్దున్న ఆయాసమన్నాది. ఆస్పత్రికి ఆటో పిలిసేలోగానే..."

"ఎన్ని గంటలకమ్మా?"

"పదకొండున్నరైనట్టుంది."

జోగులు షెడ్డులోకి వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. కాసేపటికి గానీ తోచలేదు, కాగితం మీది ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి ఇక లేదని. ఆమె స్థానంలో సోమేశ్ వాది అవుతాడు. సోమేశ్ ఉన్నది చెప్పడు. ఆ కోపం ఎవరి మీద పడాలో తెలియక, విప్పిన సీటును అతను ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

రోడ్డు మీద రద్దీ అని పాడె పెరట్లోనే కట్టారు. రంపం చప్పుడు గోడ దాటి వినిపించింది. నలభై ఏళ్లు కొలతలతో బతికిన చెవి అది. అడ్డకర్రలు దాదాపు మూడడుగులు కోస్తున్నారు. పెరట్లోంచి రోడ్డుకు దారి గోడ పక్క సందే, అది రెండడుగులు. చెప్పాలనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

నాలుగు దాటాక గొడవ మొదలైంది.

"పాడె కట్టినోడెవడ్రా? పెళ్లిపందిరి ఏస్తన్నాననుకున్నాడేటి?" పెద్దమనిషి చిట్టిరాజు కేక.

"షాపులోంచి తెచ్చీలేమా?"

"మెట్ల కాడ మలుపు తిరగదు బాబూ."

"అయితే విప్పీసి, సేతుల మీద నిలబెట్టి తెచ్చీండి."

"బతికున్నోళ్లని నిలబెట్టండ్రా! అదేటి, బస్తాయా?"

"కంచె తీస్తే సరి..." ఎవరో అన్నారు.

"ముట్టుకోకూడదు," అన్నాడు సోమేశ్. గొంతు కీచుగా వచ్చింది. "ఉన్నది ఉన్నట్టే ఉండాలని కోర్టు ఆర్డరున్నాది. మేం తెచ్చుకున్నదే."

జోగులు స్పానరు పట్టుకుని బయటికి వచ్చాడు. అందరూ అతన్నే చూశారు. అతను మొదటి గుంజ దగ్గర కూర్చుని బోల్టు మీద కిరసనాయిలు చుక్క వేశాడు.

"ఒరే జోగులూ," చిట్టిరాజు దగ్గరికి వచ్చాడు. "రేపిదే నీ మెడకి సుట్టుకుంటాది. ఆలోసించుకో."

"సుట్టుకోనీ బాబూ. బేగి పట్టండి, పొద్దు దిగిపోతన్నాది."

మూడు గుంజలు సులువుగానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. సోమేశ్ అవతల నుంచి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. పద్నాలుగు నెలల్లో ఇద్దరూ ఇంత దగ్గరగా నిలబడలేదు.

"మావా..." అన్నాడు సోమేశ్.

"నేనే విప్పినానని మీ వకీలుకి సెప్పు. ఉన్నదే సెప్పు. గట్టిగా పట్టు."

బోల్టు కిర్రుమని తిరిగింది. మిగతా రెండు గుంజలూ లాగేసి, జాలీని చుట్టి గోడకు చేర్చారు.

పాడె కాళ్ల వైపు ముందుగా బయల్దేరింది. పాదాల బొటనవేళ్లు కట్టిన దారం ముడి వదులుగా ఉంది. చేతకాని వాళ్లెవరో వేసిన ముడి. జోగులు ఒక్క క్షణం ఆగమని, వంగి, ముడి బిగించాడు. తర్వాత షెడ్డుకు వీపు ఆనించి ఒదిగి నిలబడ్డాడు. ఇద్దరు వాళ్ల నేల మీద, ఇద్దరు తన నేల మీద మోస్తూ నడిచారు. ఎవరూ కాలు పెట్టలేదని అతను నిరూపించదలచిన మూడడుగుల్లోంచి అప్పయ్యమ్మ నెమ్మదిగా, ఎక్కడా ఒరగకుండా, రోడ్డు మీదికి వెళ్లిపోయింది. వెనక జనం కూడా అటే నడిచారు. బేబి వెళుతూ అతని వైపు చేతులు జోడించి, మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డప్పు చప్పుడు బస్సు హారన్లలో కలిసిపోయింది. జోగులు బోల్టులు ఏరి డబ్బాలో వేశాడు. గుంజలు నాటి ఉన్న గుంటలు ఆరూ తెరుచుకుని ఉన్నాయి. రేపు మళ్లీ వాటిలోనే నిలబెట్టవచ్చు. అవే గుంటలని ఎవరు నమ్ముతారు?

పాడెకు ఎక్కువైన వెదురు ముక్క ఒకటి, మూరెడు, రెండు గుంటల మధ్య పడి ఉంది. కోసిన చోట ఇంకా పచ్చిగా, తడిగా ఉంది.