పదిహేను చేత తీయబడవలెను

మా ఇస్త్రీ బండి కాడ మనుషులకు పేర్లుండవు. నంబర్లే ఉంటయి.

"ఏడు వచ్చి పోయింది. పన్నెండుకు చీర అంచు జర కాలింది, నువ్వు నోరు తెరవకు, నేను చెప్పుకుంట" అంటది మా అమ్మ తిమ్మమ్మ. అశోక్‌నగర్ గల్లీల ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఉన్నది. దాని గోడకు ఆనుకొని పందొమ్మిది ఏండ్ల సంది మా బండి ఉన్నది. ప్రతి మూట మీద అమ్మ సుద్దముక్కతోని ఫ్లాట్ నంబర్ ఏస్తది. ఆ నంబరే ఆ మనిషి. మూడు చచ్చిపోయినప్పుడు రెండు దినాలు అన్నం తినలే. నాలుగు బిడ్డ పెండ్లికి పోయి అక్షింతలు ఏసి వచ్చింది. వాళ్ల పేర్లు ఏందని అడుగు, తెల్వదు.

పదిహేను అంటే సూర్యప్రకాశరావు సార్. రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్, ఇప్పుడు అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ. వాళ్ల నాయిన కాలంల కాకినాడ దిక్కు నుంచి వచ్చి ఈడనే స్థిరపడ్డరు. మనిషి బంగారం. కానీ ఇంగ్లీషుల ఒక్కటే జబ్బు. దాని పేరు 'టు బి'.

అంటే పని చెప్తడు, చేసేటోని పేరు చెప్పడు. గేటు మూయమని రాయాలంటే 'ది గేట్ ఈజ్ టు బి క్లోజ్డ్' అని రాస్తడు. గేటు మూయబడవలసి ఉన్నది. ఎవలు మూయాలె? అది గేటుకు తెలుసు. ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసుల సార్ ఒక్క కాగితంల గూడ 'నేను' అని రాయలేదంట. పెండ్లిచూపులల్ల పిల్ల నచ్చిందా బాబూ అని పెద్దోళ్లు అడిగితే 'టు బి కన్సిడర్డ్' అన్నడంట. పరిశీలించబడవలసి ఉన్నది. అందుకే మేడం ఇప్పటికీ సార్‌కు కంచం పెట్టేటప్పుడు జర సప్పుడు వచ్చేటట్టే పెడ్తది.

నేను అనిత. డిగ్రీ అయింది, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్న. అందుల ఇచ్చిత్రమేం లేదు, అశోక్‌నగర్ల పావురాలు గూడ గ్రూప్స్‌కే ప్రిపేర్ అయితుంటయి. పొద్దున లైబ్రరీ, పగటాల నుంచి చిక్కడపల్లిల జిరాక్స్ షాపుల టైపింగ్. సార్ నోటీసులన్నీ నా చేతి మీదనే పుడ్తయి. నేను టైపు కొడ్తుంటే సార్ పక్కన స్టూల్ ఏసుకొని ఫ్రీగ గ్రామర్ చెప్తడు.

"ఫార్మల్ ఇంగ్లీషులో మనిషి కనపడకూడదమ్మాయ్. పని మాత్రమే కనపడాలి. అదే దాని అందం."

"చేసేటోని పేరు చెప్పక తప్పకపోతే సార్?"

"అప్పుడు చివర 'బై' పెట్టి చెప్పాలి. బై అంటే 'చేత'. కానీ అది ఆఖరి అస్త్రం. ఊరికే వాడకూడదు."

ఆ ఆఖరి అస్త్రం సార్ పోయిన ఏడాది మూడుసార్లు ఏసిండు. మూడుసార్లు వాచ్‌మెన్ బాలప్ప మీదనే. వాటర్ ట్యాంక్ టు బి క్లీన్డ్ బై బాలప్ప. టెర్రస్ టు బి స్వెప్ట్ బై బాలప్ప. ఐదో నంబర్ వాళ్ల పిల్లి తప్పిపోతే, క్యాట్ టు బి ట్రేస్డ్ బై బాలప్ప. బాలప్ప మా మక్తల్ దిక్కు మనిషి. ఆయనకు ఇంగ్లీష్ రాదు గని, 'బై' అనే రెండక్షరాలు మాత్రం నారాయణగూడ చౌరస్తాల నిలబడి గూడ గుర్తువడ్తడు.

"బై ఎనుక ఎవని పేరుంటె వాని నడుం ఇరిగినట్టే" అని ఆయన గ్రామర్. సార్ చెప్పిన దాని కంటె అదే తొందరగ సమజ్ అయితది.

గిట్ల నడుస్తుంటే ఎనిమిది రెండో కారు కొన్నడు. ఎనిమిది అంటే సుధీంద్ర గారు, సాఫ్ట్‌వేర్. ఆ కారు నారాయణగూడ ఫ్లైఓవర్ కంటె రెండు ఇంచులే చిన్నగుంటది. లోపట దానికి జాగ లేదు. గోడ పక్కన మా బండి ఉన్న జాగనే కావాలన్నడు. ఒకటో తారీఖు మీటింగ్ పెట్టిన్రు. పదకొండు చేతులు లేసినయి. బండి తీసెయ్యాలె.

ఆ మాట విని అమ్మ ఏం మొత్తుకోలే. ఇస్త్రీ పెట్టెల బొగ్గులు ఊదుకుంట ఒక్కటే మాట అన్నది.

"ఈడ నాకు ఇరవై నంబర్లున్నయి బిడ్డా. ఏ గల్లీల చూసినా ఎవరో ఒకరి బండి ముందే ఉన్నది. ఇంకో దిక్కు పోతే సున్న కాడి నుంచి మొదలు పెట్టాలె. ఈ మోకాళ్లతోని అయితదా?"

నాకు నవ్వడం తప్ప వేరే పని రాదని గల్లీల అందరికి ఎరికే. ఆ దినం మాత్రం నవ్వు రాలే.

తెల్లారి సార్ షాపుకు వచ్చిండు. చేతిల కాగితం, మొఖం మాత్రం తడి అంగీ లెక్క ఏలాడుతున్నది.

"నోటీసమ్మా. సొసైటీ నిర్ణయం. అంటే, నిర్ణయం తీసుకోబడింది."

"ఎవరి చేత సార్?"

సార్ కండ్లద్దాలు తీసి తుడిచిండు. మళ్లా పెట్టుకున్నడు. మళ్లా తీసిండు.

"నువ్వు టైపు చెయ్యి" అన్నడు.

కాగితంల గిట్ల ఉన్నది: ది ఐరనింగ్ బండి ఈజ్ టు బి రిమూవ్డ్ బై ఫిఫ్టీంత్ ఇన్‌స్ట్. ఇస్త్రీ బండి ఈ నెల పదిహేనో తారీఖులోపల తీయబడవలసి ఉన్నది. ఈడ 'బై' అంటే 'చేత' కాదు, 'లోపల'. ఒక్క మాటకు రెండు అర్థాలు పెట్టి ఇంగ్లీషోళ్లు మంచి పని చేసిన్రు. దేవుడు వాళ్లను సల్లగ చూడాలె.

"సార్, ఇన్‌స్ట్ అంటే ఏంది?"

"ఈ నెల అని. పాత ఆఫీసు మాట."

"జనం ఇన్‌స్టాగ్రామ్ అనుకుంటరు సార్. బండి కోసం ఫోన్లల్ల వెతుకుతరు."

సార్ సొంత ఏలు కోసుకున్నట్టు బాధపడి ఆ మాట కొట్టేసిండు. నేను '15' కొట్టి పక్కన టీ హెచ్ కొట్టిన. కంప్యూటర్ దాని అలవాటు ప్రకారం టీ హెచ్‌ను చిన్నగ చేసి పైకి ఎక్కించింది.

"అదేంటి, టీ హెచ్ నెత్తికెక్కింది?"

"కంప్యూటర్ సార్. ఒకసారి ఎక్కిందంటే దిగదు."

దిగుతది. ఒక్క మీట నొక్కితే దిగుతది. కానీ ఆ మీట మీద నా మోచెయ్యి ఉన్నది.

"ఛీ, ఈగ వాలినట్టుంది. తీసెయ్. పదిహేను అంటే తెలీదా ఎవరికైనా?"

"మంచిగ తెలుసు సార్. మీరే తీసెయ్యమంటున్నరు కద?"

"టు బి డిలీటెడ్" అన్నడు సార్. తీసేసిన.

సాయంత్రం నోటీస్ గేటు పక్కన అతికిచ్చిన్రు. బాలప్ప నన్ను గుంజుకపోయి దాని ముందట నిలబెట్టిండు.

"చదువు చెల్లె. బై కనవడ్తున్నది. నా నడుమేనా?"

"నీ పేరు లేదన్నా. ఇస్త్రీ బండి టు బి రిమూవ్డ్ బై పదిహేను."

"పదిహేనా?" బాలప్ప నోరు తెరిచిండు. అది మూసుకునేటాలకు రెండు సిటీ బస్సులు పోయినయి. "పదిహేను అంటే సారు. సారే తోస్తడా బండిని?"

"నేనేం చెప్పలే. ఉన్నది ఉన్నట్టు చదివిన."

నేను నిజంగ ఏం చెప్పలే. బాలప్ప చెప్పిండు. గంటల సార్ ఇల్లు తప్ప అన్ని ఫ్లాట్లకు పోయింది ముచ్చట. సార్ స్వయంగ బండి తీస్తడంట, పేరు గూడ రాసుకున్నడంట. ఏడో నంబర్ బుల్లెమ్మ గారు సార్ ఇంటికి నడుం నొప్పి నూనె పంపింది. ఎందుకో సార్‌కు సమజ్ కాలే. మర్యాదగ తీసుకున్నడు.

అమ్మకు మాత్రం నా మొఖం చూస్తనే తెలిసిపోయింది.

"ఏం చేసినవే? పదిహేను నా తోని ఏనాడు బేరమాడలే. పైసా తీసుకోకుండ నీకు చదువు చెప్తడు. ఆయనను నవ్వులపాలు చేస్తవా?"

అది నాకు గుచ్చుకున్నది. అబద్ధమెందుకు, ఆ వారం లైబ్రరీల పుస్తకం తెరిస్తే ప్రతి పేజీల టీ హెచ్ లేనట్టే కనవడ్డది.

పదిహేనో తారీఖు పొద్దున ఎనిమిది గంటలకు సుధీంద్ర గారు కారు తాళాలు ఆడించుకుంట దిగిండు. బండి ఎక్కడ ఉండాలెనో ఆడనే ఉన్నది. దాని ఎనుక అమ్మ, అమ్మ చేతిల ఇస్త్రీ పెట్టె, పెట్టె కింద తెల్ల అంగీ.

"బాలప్పా, ఇంకా తీయలేదేంటి? తొయ్యి."

"నేను ముట్టుకోరాదు సార్. నోటీస్ల పేరు రాసిండ్రు. బై పదిహేను."

"అది డేట్ అయ్యా!"

"పోయినసారి బై బాలప్ప అని రాసిన్రు. అప్పుడు నేను డేట్ అన్ననా సార్? ట్యాంకుల దిగిన."

బాల్కనీలల్ల జనం నిలబడ్డరు. బుల్లెమ్మ గారు కుర్చీ తెచ్చుకొని మరీ కూసున్నది. ఎవరో కేకేస్తే సార్ కిందికి వచ్చిండు. లుంగీ, బనీను. అంగీ లేదు. ఎందుకంటే ఆ అంగీ బండి మీదనే ఉన్నది.

"అంకుల్, మీరే చెప్పండి" అన్నడు సుధీంద్ర గారు. "ఇది తప్పా కాదా? తప్పు రాశానని ఒప్పుకోండి, ఇంకో నోటీసు వేసుకుందాం. బండి ఇవాళే తీసేద్దాం."

సార్ నోటీస్ దగ్గరికి పోయి చదివిండు. ఎనుకకు అడుగేసి చదివిండు. తర్వాత మెల్లగ నా దిక్కు తిరిగిండు.

"అమ్మాయ్. టీ హెచ్ ఏదమ్మా?"

"మీరే తీయించిండ్రు సార్" అన్న.

అందరు సార్‌నే చూస్తున్నరు. తప్పు అంటే, ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసుల గూడ చేయని తప్పు. బండి పోతది. తప్పు కాదంటే, డెబ్భై ఏండ్ల మనిషి ఇరవై ఫ్లాట్ల ముందట బనీను మీద బండి తొయ్యాలె.

సార్ పోయి బండి కడ్డీ పట్టుకున్నడు.

"సారూ, జర ఆగుండ్రి" అన్నది అమ్మ. "మీ అంగీకి ఒక చెయ్యి మిగిలింది."

సార్ ఆగిండు. ఆ తెల్లటి చెయ్యి మీద ఇస్త్రీ పెట్టె పోవుడు, వచ్చుడు చూస్తుండు. అమ్మ మడత ఎత్తి గీత దిద్దింది. ఆ గీతతోని మామిడికాయ కోయొచ్చు. సార్ ఆ అంగీ తొడుక్కున్నడు. గుండీలు పెట్టుకునేటాలకు మళ్లా సెక్షన్ ఆఫీసర్ అయిపోయిండు.

"నోటీసులో తప్పు లేదు సుధీంద్రా" అన్నడు. "బై తరవాత ఉన్నది తేదీ కాదు. పదిహేనే. అంటే నేను."

ఆయన నోట్ల 'నేను' అనే మాట ఇనుడు గల్లీల ఎవరికైనా అదే మొదటిసారి. నాలుగో అంతస్తుల మేడం చేతిల చెంచా కింద పడ్డది.

"సరే అంకుల్, మీరే తీయండి మరి."

"తీస్తాను. కానీ బై తరవాత మనిషి ఉన్నాడు కాబట్టి, ఇక తేదీ ఎక్కడుంది? నోటీసులో గడువు లేదు. ఈజ్ టు బి రిమూవ్డ్. తీయవలసి ఉన్నది. ఉన్నది, అంతే. ఇవాళా ఉన్నది, రేపూ ఉన్నది."

సుధీంద్ర గారు నోటీస్ దిక్కు చూసిండు, సార్ దిక్కు చూసిండు. చదువుకున్నోడు కద, సమజ్ అయింది. "మరి నా కారు?" అన్నడు మెల్లగ.

"పదిహేనుకి పార్కింగ్ ఉంది, కారు లేదు. అందులో నా పాత పేపర్లున్నాయి. అవి తీయబడగానే నీ కారు పెట్టుకో."

ఆ మాట మీటింగ్‌లనే ఎందుకు చెప్పలే అని తర్వాత అడిగిన. "అక్కడ నన్నెవరూ అడగలేదమ్మా" అన్నడు. "అడగబడలేదు."

బాలప్ప ఈల కొట్టిండు. బుల్లెమ్మ గారు జర నారాజ్ అయి కుర్చీ లోపటికి తీస్కపోయింది. అమ్మ కొంగుతోని కండ్లు ఒత్తుకొని, బొగ్గుల పొగ అన్నది.

పగటాల సార్ షాపుకు వచ్చిండు. స్టూల్ మీద కూసున్నడు. నేను 'సారీ' అని మొదలు పెడ్తుంటే చెయ్యి ఎత్తి ఆపి, కాగితం ముందల పెట్టిండు.

ఓల్డ్ న్యూస్‌పేపర్స్ టు బి రిమూవ్డ్ బై అనిత.

ఆ పేపర్లు నాకు తెలుసు. ముప్పై ఏండ్లవి. కింద పడితే అశోక్‌నగర్ మీద దోమలగూడ కూలినట్టుంటది.

"సార్, బై ఎనుక మనిషున్నది. అంటే తారీఖు లేదు. ఎప్పుడన్న చేసుకోవచ్చు కద?"

సార్ పెన్ను తీసిండు. చివర ఒక మాట చేర్చిండు. ఫోర్త్‌విత్.

"వెంటనే అని అర్థం" అన్నడు. "స్పెల్లింగ్ చూసుకో. అందులో టీ హెచ్ రెండుసార్లు వస్తుంది. నువ్వు మింగినదానికి అసలు, వడ్డీ."

టైపు కొట్టిన. రెండు టీ హెచ్‌లు కిందనే బుద్ధిగ కూసున్నయి.

ఆ మొదటి నోటీస్ ఇంకా గేటు పక్కననే ఉన్నది. ప్రతి నెల పదిహేనో తారీఖు సార్ కిందికి వచ్చి, బండి కడ్డీ మీద రెండు వేళ్లు పెట్టి ఒకసారి నూకుతడు. కదలదు. "ప్రయత్నించబడింది" అని అమ్మకు చెప్పి, తన మూట తీసుకొని పోతడు. నేను మొదటి దినం పేపర్ల కట్టలు మోస్తుంటే మాత్రం బాలప్ప, బుల్లెమ్మ గారి కుర్చీ అడిగి తెచ్చుకొని, కాలు మీద కాలేసుకొని, చాయ్ తాగుకుంట చూసిండు.

"చెప్పలేదా చెల్లె" అన్నడు. "బై చాన డేంజర్."