పులుపు ఉన్నంతసేపే

"ఇంట్లో కూర్చున్నదానివి, నీళ్ళ సంగతి నీకేం తెలుసే?" అన్నాడు నాగేంద్రబాబు, ఇడ్లీ పళ్ళెం ముందుకు జరుపుతూ. శ్రీరమ్య మొగుడి పళ్ళెంలో చట్నీ వేసింది. కూర్చోవడమట! పొద్దున లేచింది మొదలు ఆమె నడుం వాల్చిందెప్పుడని? మంగళగిరిలో వాళ్ళ అద్దకం షెడ్డు నుంచి కాలవలోకి పోతున్న ఎర్రనీళ్ళ మీద వీధంతా గోల. షెడ్డు మూసేయమని నోటీసు కూడా వచ్చింది. పెళ్ళికి ముందు ఆమె పీహెచ్‌డీ చేస్తుండేది సరిగ్గా అలాంటి నీళ్ళ మీదే.

"తేట చేసి చూపిస్తే, మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళి నా చదువు పూర్తి చేసుకుంటానండీ."

"ముందు చెయ్యి, చూద్దాం."

ఆ మాటనే కొంగున ముడేసుకుంది, పిచ్చిది.

పత్తికట్టె పొడిని రసాయనాల్లో ఉడికించి, కడిగి, ఆరబెట్టి, గుడ్డసంచుల్లో పోసి పెరట్లో షెడ్డు నీళ్ళు నింపిన డ్రమ్ములోకి వేలాడదీసింది. ఆ నీళ్ళ నిండా అద్దకంలో వాడిన సోడా. యాసిడ్ వేసి పుల్లగా మారిస్తేనే ఆ పొడి రంగును పట్టుకుంటుంది, పులుపు పోయిందా, పట్టుకున్నదంతా కక్కేస్తుంది. కూరకీ చారుకీ మధ్య పెరట్లోకి పరుగెత్తి చూసుకునేది. "ఆ కంపు చేతులతో నా పప్పు ముట్టుకోకు," అనేది అత్తగారు సుబ్బరావమ్మ.

చివరికి తేటపడ్డాయి. అచ్చం కొబ్బరినీళ్ళల్లే! తనిఖీకొచ్చినవాళ్ళు గ్లాసులో పట్టి చూసి, రేపు పెద్దాఫీసరొచ్చి సంతకం పెడతాడని నాగేంద్రబాబు భుజం తట్టారు. "ఏదో, మా బుర్రకు తట్టిందండీ," అన్నాడతను. శ్రీరమ్య వాళ్ళకు కాఫీలిచ్చింది.

వాళ్ళు గేటు దాటగానే అడిగింది. "మరి నేనెప్పుడు వెళ్ళనండీ?"

"ఎక్కడికి? రోజూ ఈ పొడి ఎవడు చేస్తాడే?" నవ్వాడు కూడా.

"అదృష్టవంతురాలివి, ఇంటిపట్టునే ఉద్యోగం," అంది అత్తగారు. జీతం మాట ఎవరూ ఎత్తలేదు.

ఏడుపు రాలేదామెకు. ఒళ్ళు మండింది. అంట్లు తోమింది, పొయ్యిగట్టు తుడిచింది. షెడ్డు నడిచినా తనను పంపరు, మూతపడ్డా పంపరు. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బట్టలు నానబెట్టే సోడా డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గుప్పెళ్ళకొద్దీ డ్రమ్ములో వేసి కర్రతో కలిపింది. సంచుల్లోంచి ఎరుపు దిగి, నీళ్ళన్నీ మళ్ళీ ఎర్రబడ్డాయి.

మర్నాడు పెద్దాఫీసరు ముందే నాగేంద్రబాబు అరిచాడు. "ఏమే! ఏమైందే ఈ నీళ్ళకి?"

"నాకేం తెలుసండీ," అంది శ్రీరమ్య, కాఫీ ట్రే బల్ల మీద పెడుతూ. "ఇంట్లో కూర్చున్నదాన్ని."