ఎనిమిది వరసల పేజీ

నేను ఒక ఈ-రీడర్‌ని. పుస్తకాలు చదువుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని యంత్రాన్ని. నా కథ ఫ్యాక్టరీ నుంచి చెప్పవచ్చు గానీ, దాని అసలు మొదలు రేపల్లెలో సామ్రాజ్యంగారి కళ్ళజోడు పోయిన రోజు. అప్పటికి నేను పుట్టలేదు. ఆ ఇంట్లో తర్వాత విన్న మాటలను బట్టి చెబుతున్నాను.

సామ్రాజ్యంగారికి అప్పటికి డెబ్బై ఏళ్ళు. ఒకరోజు తెనాలి వెళ్ళివచ్చి సంచి చూసుకుంటే జోడు లేదు. బస్సులో పోయిందన్నారు. మర్నాడే కొత్తది చేయించారు. దాంట్లోంచి చూస్తే అక్షరాలు నడిమధ్య ఎవరో తడి గుడ్డతో తుడిచినట్టు కనిపించాయి. జోళ్ళ షాపువాడికి పని రాదన్నారు. ఇంకోచోట ఇంకొకటి చేయించారు. వాడికీ రాదన్నారు. నాలుగు నెలలపాటు ఆ ఊళ్ళో జోళ్ళు చేసేవాళ్ళెవరికీ పని రాలేదు. పోయిన జోడు లాంటిది ఇక దొరకదని ఆవిడ నమ్మకం.

తర్వాత ఒకరోజు ఆ జోడు బియ్యం డబ్బా అడుగున దొరికింది. సామ్రాజ్యంగారు దాన్ని పెట్టుకుని వారపత్రిక తెరిచారు. పేజీని వెలుతురు వైపు తిప్పి చూశారు. తర్వాత జోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ రోజు ఎవరి పనినీ తప్పు పట్టలేదు.

గుంటూరు డాక్టరు, కంటి వెనకపొర మధ్యభాగం అరిగిపోయిందని, ఇక బాగుపడదని చెప్పాడు. బాగా పెద్ద అక్షరాలైతే చదవగలరేమో అన్నాడు. ఆ ఒక్క ముక్కను పట్టుకున్నది హైమావతి. సామ్రాజ్యంగారి ఆడపడుచు, ప్రభుత్వ హైస్కూల్లో టీచరు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె నన్ను తెప్పించింది.

నేను సముద్రం అవతల ఒక పెద్ద షెడ్డులో తయారయ్యాను. తెల్ల చేతొడుగులు వేసుకున్న అమ్మాయిలు నన్ను బిగించారు. వాళ్ళలో ఎవరూ నాలో ఏమీ చదవలేదు. నా ముఖం లోపల కంటికి కనిపించనంత చిన్న రేణువులు ఉంటాయి, నల్లవీ తెల్లవీ. పేజీ తిప్పినప్పుడు అవి స్థానాలు మార్చుకుంటాయి. అంతవరకే నాకు కరెంటు కావాలి. ఒకసారి నిలిచిన పేజీని పట్టుకుని ఉండటానికి కరెంటు చుక్క కూడా అక్కర్లేదు. ఈ సంగతి కాస్త గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత దీంతో పనిపడింది. నా బరువు అప్పడాల కట్టంత. పట్టే పుస్తకాలు రెండు బీరువాలకు సరిపోతాయి.

మొదటిరోజు నా తెలుగు బాగాలేదు. వత్తులు పక్కకు జారిపోయేవి. హైమావతి రెండు సాయంత్రాలు కూర్చుని మంచి అక్షరాలు ఎక్కించి, వాటిని నాకు చేతనైనంత పెద్దవి చేసింది. అలా చేస్తే పేజీకి ఎనిమిది వరసలే పట్టాయి.

"ఏందే హైమా ఇది, అద్దమా?" అన్నారు సామ్రాజ్యంగారు.

"పుస్తకం వదినా."

"పుస్తకానికి వాసనుంటది. దీనికేదీ?"

"వాసన కావాలంటే అటక మీదవి దించుతా. అక్షరాలు కావాలంటే ఇటు చూడు."

ఆవిడ నన్ను ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల కొంచెం పక్కకు తిప్పి చూశారు. పెదవులు కదిలాయి. ఒక వరస, రెండో వరస. ఎనిమిదీ చదివి, "ఏదీ, తర్వాతది?" అన్నారు. పదకొండు నెలల తర్వాత ఆవిడ చదివిన మొదటి పేజీ నా మీద చదివారు. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించి సరే అని ముద్ర వేశారు. నేను మాత్రం ఆ ప్రశ్ననే నా ముద్రగా లెక్కపెట్టుకుంటాను.

నా వాడకంలో వాళ్ళు చేసిన పొరపాట్లు కొన్ని చెప్పాలి. హైమావతి ముప్పై ఏళ్ళుగా ప్రతి జూన్‌లో పిల్లల పుస్తకాలకు అట్టలు వేయించిన మనిషి. నాకూ ఖాకీ కాగితం అట్ట వేసింది. ఆ జిగురుతో ఛార్జింగ్ పెట్టే బెజ్జం మూసుకుపోయింది. మళ్ళీ బ్లేడుతో కోసి తీసింది. అట్ట మీద లేబిల్ అంటించి 'అన్నాబత్తుని సామ్రాజ్యం' అని గుండ్రంగా రాసింది. కింద తరగతి అన్న చోట ఆగింది.

"ఆరు అని రాయి," అన్నారు సామ్రాజ్యంగారు. "అయిదు చదివాగా. అక్కడే మాన్పించారు."

హైమావతి ఆరు అని రాసింది.

ఇక సామ్రాజ్యంగారికి వేలు నాలికకు తడిచేసుకుని పేజీ తిప్పే అలవాటు. తడి వేలితో నా ముఖాన్ని తాకితే నాకు ఒకటి నాలుగుగా తోచేది. పేజీలు దూకేవి. "కుదురు లేదే దీనికి," అని నన్ను తిట్టేవారు. ఆ అలవాటు పోలేదు. చివరికి నేనే అలవాటుపడ్డాను. రెండేళ్ళలో ఆవిడ నా మీద నూట పదమూడు పుస్తకాలు చదివారు. ఎనిమిదేసి వరసల లెక్కన ఒక్కో నవలకు రెండు మూడు వేలసార్లు తిప్పాలి. చూపు సరిగా ఉన్నవాళ్ళు ఎందరో నాలాంటి వాటిని కొనుక్కుని, మూడు పుస్తకాల తర్వాత సొరుగులో వేస్తారని విన్నాను. నా సంగతి అది కాదు.

ఆవిడ భర్త పూర్ణచంద్రరావుగారు ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పక్కన మంచం మీద కూర్చుని మమ్మల్ని చూస్తుండేవారు. "మీ అన్నయ్య చదివినవన్నీ బస్సు బోర్డులేనమ్మా," అనేవారు సామ్రాజ్యంగారు హైమావతితో. ఆయన నవ్వేవారు.

ఆ ఇంట్లో నాకంటే ముందు ఒక పుస్తకానికి పెద్ద స్థానం ఉండేది. అది అచ్చయిన పుస్తకం కాదు. నలభై రెండేళ్ళ కిందట ఒక వారపత్రికలో నలభై ఆరు వారాలు వచ్చిన సీరియల్. వారం వారం ఆ పేజీలు విడదీసి, దాచి, సామ్రాజ్యంగారు బైండు చేయించుకున్నారు. అందులో మందాకిని అనే టెలిఫోన్ ఆపరేటర్ ఉంటుంది. ఊళ్ళో మిల్లు తగలబెట్టించినదెవరో లైనులో పొరపాటున వింటుంది. ఆ నేరం కింద జైల్లో ఉన్నది మిల్లు కాపలాదారు. విన్నానని చెబితే తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వాడి బతుకు పోతుంది. చెబుతుందా లేదా అన్నదే కథ.

మందాకిని చెప్పిందో లేదో సామ్రాజ్యంగారికి తెలియదు. ఆఖరి అయిదు వారాలప్పుడు ఆవిడ చెల్లెలి పురిటికి సాయం వెళ్ళారు. పత్రికలు జాగ్రత్త చెయ్యమని అప్పుడు పదమూడేళ్ళున్న ఆడపడుచుకు అప్పజెప్పారు. హైమ జాగ్రత్తగానే దాచింది. అయితే ఆ ధనుర్మాసంలో పత్రికవాళ్ళు వారానికొక ముగ్గు వేశారు. కాగితానికి ఒకవైపు ముగ్గు, రెండోవైపు సీరియల్. హైమ ముగ్గులు చక్కగా కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది. వదినగారు తిరిగివచ్చి చూస్తే అయిదు వారాలకూ నడిమధ్య చతురస్రాకారపు కిటికీలు. ముగ్గుల్ని తడిపి ఊడదీయబోతే అక్షరాలు జిగురుకే అంటుకుపోయాయి.

"మా ఆడపడుచు టీచరండీ," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు సామ్రాజ్యంగారు. "దాని మొదటి ఉద్యోగం నా సీరియల్‌కి కిటికీలు పెట్టడం."

ఆ కిటికీల్లో ఏముందో ఆవిడే ఊహించుకున్నారు. ఒక్కో ఏడు ఒక్కో ముగింపు. భర్త మీద కోపం వచ్చిన ఏడు మందాకిని ఊళ్ళో మగాళ్ళందరినీ జైలుకు పంపిందట.

నేను వచ్చిన రెండో ఏడు హైమావతి బాపట్లలో ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారి ఇంట్లో ఆ పత్రికలన్నీ ఉన్నాయని కనుక్కుంది. ఆయన వాటిని గడప దాటనివ్వనన్నారు. ఒక ఆదివారమంతా ఆ ఇంట్లో నేల మీద కూర్చుని ఫోనుతో ఫోటోలు తీసుకుంది. చివరి వారాలు తీసేటప్పుడు చదవకుండా తీసింది. వదిన కంటే ముందు తను తెలుసుకోకూడదనుకుంది.

ఫోటోలు నాలో వేస్తే పనికిరాలేదు. ఫోటోలోని అక్షరాన్ని పెంచితే అలుక్కుపోతుంది. టైపు చేసిన అక్షరమే నా చేతిలో పెరుగుతుంది. అందుకని హైమావతి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. కిటికీలు పడ్డ అయిదు వారాలు ముందు చేసిస్తానంది.

"భోజనాలప్పుడే పెళ్ళికొచ్చినట్టు ఏందే? మొదట్నించి కానీ," అన్నారు సామ్రాజ్యంగారు. "వారానికొకటి. అప్పట్లో మాదిరే."

ఆ పత్రిక బేస్తవారం వచ్చేది. అందుకని ప్రతి బేస్తవారం స్కూలు వదిలాక హైమావతి ఒక వారం కథను తెచ్చి నాలో వేసేది. కింద సశేషం అన్నది కూడా విడిచిపెట్టకుండా టైపు చేసేది. నాలుగు గంటల నుంచే సామ్రాజ్యంగారు నన్ను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. నాలో ఎన్నో పుస్తకాలు ఉన్నాయి, ప్రపంచంలో నాలాంటివి లక్షలున్నాయి. ఈ కథ ఉన్నది మాత్రం నా ఒక్కదానిలోనే.

నలభై రెండో వారంలో మొదటి కిటికీ తెరుచుకుంది. ఆవిడ చదివి ముఖం చిట్లించారు.

"ఇక్కడ మందాకిని ఏడ్చిందని రాశాడేందే? అది ఏడవదు."

"రాసినాయన కంటే నీకు ఎక్కువ తెలుసా వదినా?"

"నలభై రెండేళ్ళు దాంతో కాపురం చేశాను. ఆయనెన్నాళ్ళు చేశాడు? ఏడాదేగా."

నలభై నాలుగో వారం మందాకిని కోర్టు మెట్ల దగ్గర నిలబడటంతో ఆగింది. ఆ శనివారం సామ్రాజ్యంగారికి ఆయాసం వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సంచిలో నేనూ వెళ్ళాను. ఆదివారం సాయంత్రం హైమావతి మంచం పక్కన కూర్చుని ఫోను బయటికి తీసింది.

"వదినా, తర్వాతది దీంట్లో ఉంది. చదివి వినిపించనా?"

"వద్దులే."

"రెండు వారాలేగా. ఎంతసేపు?"

"నువ్వు చదివితే నీ గొంతు వినపడుద్ది. నేను చదువుకుంటే మందాకినిది వినపడుద్ది. టైపు చేసి తీసుకురా. బేస్తవారం దాకా ఆగుతాగా."

సోమవారం పొద్దున ఆవిడ పోయారు.

ఆ తర్వాత నన్ను బీరువాలో బైండు పుస్తకం మీద పెట్టారు. కొన్ని వారాలకు నాలో ఛార్జింగ్ అయిపోయింది. మూడో నెలలో హైమావతి బీరువా తెరిచి నన్ను తీసింది. నా ముఖం మీద నలభై నాలుగో వారం చివరి పేజీ అలాగే ఉంది. ఎనిమిది వరసలూ చెదరలేదు. ఆవిడ ఎక్కడ ఆగారో నేను పోగొట్టలేదు. నేను చేసిన పనుల్లో ఇది పెద్దదని అనుకుంటున్నాను. హైమావతి ఆ పేజీ చదివింది. ఛార్జింగ్ పెట్టి, ఆ చోట గుర్తు పెట్టింది. పక్క గదిలోంచి పూర్ణచంద్రరావుగారు వచ్చారు.

"ఆ టెలిఫోను పిల్ల కోర్టుకెళ్ళి చెప్పిందంటమ్మా?"

"నాకూ తెలియదన్నయ్యా. చదవలేదు."

"టైపు చెయ్యలేదా?"

"పదకొండు వరసలు చేశాను. ఆ ఆదివారం, ఆసుపత్రిలోనే."

ఆయన చెయ్యి చాపారు. ఆమె నన్ను ఇచ్చింది. ఆయన చూపు బాగానే ఉంది కాబట్టి, అక్షరాలు తగ్గించనా అని ఆమె అడిగింది.

"ఉండనీ. బస్సు బోర్డు చదివినట్టే ఉంది," అన్నారాయన. "మొదటి వారం ఎక్కడుందో చూపించు."

ఇప్పుడు నేను ఆయన దగ్గర ఉన్నాను. ఆయన వేలు తడి చేసుకోరు. హారన్ కొట్టినట్టు గట్టిగా నొక్కుతారు. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని విన్న కథే అయినా, ప్రతి పేజీ కొత్తగా చదువుతారు. హైమావతి వచ్చినప్పుడు ఒక్కోచోట ఆగి, "ఇక్కడే నవ్వేది మీ వదిన," అంటారు. బేస్తవారాలు ఆమె స్కూలు వదిలాక వస్తుంది. ఆయన ఎంతవరకు వచ్చారో అడుగుతుంది. నా అట్ట చినిగితే కొత్తది వేసింది. లేబిల్ మాత్రం పాతదే, తీసి మళ్ళీ అంటించింది.

పూర్ణచంద్రరావుగారు తొమ్మిదో వారంలో ఉన్నారు. నలభై అయిదో వారం పదకొండు వరసల దగ్గర ఆగి ఉంది. మిగతా భాగమూ, నలభై ఆరో వారమూ హైమావతి ఇంకా టైపు చెయ్యాలి.